షీటు చింపని ప్రాంప్టర్

2022వ సంవత్సరం. కరోనా గండం గడిచి ఫిల్మ్‌నగర్ రోడ్ల మీద షూటింగ్ వ్యాన్లు మళ్ళీ బారులు తీరిన ఏడాది. జూబ్లీహిల్స్ కొండ దిగువన ఒక క్యాన్సర్ ఆసుపత్రి, దాని సెల్లార్‌లో ఒక రీసెర్చ్ ల్యాబు. నేను ఆ ల్యాబులో అటెండర్ని. పేరు అంజమ్మ. ఆసుపత్రి పేరు రాయను, దాంతో పని లేదు.

ల్యాబు అనగానే రక్తం తీసుకుని రిపోర్టు ఇచ్చే చోటు అనుకుంటారు. మాది అది కాదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పైఅంతస్తు ల్యాబు వాళ్ళు పరీక్ష చేసి రిపోర్టు ఇచ్చేస్తారు. మిగిలిన ముక్క మాకు వస్తుంది. ఆ ముక్కను కరిగిన మైనంలో పెట్టి గట్టిపరిస్తే దాన్ని బ్లాక్ అంటారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. దాన్ని మైక్రోటోమ్ అనే మిషను మీద ఉల్లిపొర కంటే పలచగా కోసి గాజుపలక మీద పరిస్తే అది స్లైడు. కోసేది టెక్నీషియన్ రెహానా. బ్లాకులు అరల్లో సర్దడం, అడిగినప్పుడు తీసివ్వడం, గాజు కడగడం నా పని. బ్లాకు మీద నంబరుతో పాటు అక్షరాలుంటాయి. అంతకు ముందు ఇదే ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేదాన్ని. చదవడం వస్తేనే ల్యాబులోకి అన్నారు. నలభై దాటాక నేర్చుకున్నాను, తీసుకున్నారు. అంతే, అందులో కథేమీ లేదు.

ఆ ఏడాది డాక్టర్ మాధురి గారు ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఒక స్టడీ మొదలుపెట్టారు. ఆర్ఎన్ఏ బైండింగ్ ప్రొటీన్లని కొన్ని ఉంటాయట, గడ్డ పెరగడంలో వాటి చెయ్యి ఎంతుందో చూడాలని. ముక్క వాడుకోవాలంటే రోగి ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ కాగితం కన్సెంట్ ఫారం. పక్కన సాక్షి కూడా ఉండాలని మేడం పట్టుబట్టేవారు. అందుకు నన్ను వెంటబెట్టుకుని వార్డుకి వెళ్ళేవారు. అక్కడే భద్రాన్ని చూశాను.

యాభై దాటిన మనిషి. నరసాపురం వైపు నుంచి కుర్రతనంలో వేషాల కోసం వచ్చి, కృష్ణానగర్‌లో గది తీసుకుని, ప్రాంప్టింగులో స్థిరపడిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ప్రాంప్టర్ అంటే తెలుగు రాని నటులకు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించేవాడు. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ పెదవి కదపాలంటే ముందు ఇతని నోరు కదలాలి. మనిషి ఫ్రేములో కనపడకూడదు. గొంతు రికార్డయినా డబ్బింగులో తుడిచేస్తారు.

“దగ్గు ఎప్పుడు మొదలైందండీ?” అని మేడం అడిగారు.

“హీరోయిన్ ఏడ్చే షాటండి. లైను అందిస్తూ మధ్యలో దగ్గాను. అదీ డైలాగేననుకుని ఆ అమ్మాయి కూడా దగ్గింది. నాకన్నా బాగా దగ్గింది. డైరెక్టర్ గారు కట్ చెప్పి, ముందు నువ్వెళ్ళి డాక్టర్‌కి చూపించుకోవయ్యా అన్నారు. అలా మీ చేతుల్లో పడ్డాను.”

సిగరెట్ అలవాటుందా అంటే, ఉండేది, మానేసి చాలా కాలమైంది అన్నాడు. మానేసినట్టు ఊపిరితిత్తికి ఎవరూ చెప్పలేదేమో అని తనే నవ్వాడు. ఎడమ ఊపిరితిత్తి పైభాగం తీసెయ్యాలని అప్పటికే చెప్పి ఉన్నారు.

మేడం ఫారం తీసి చదవబోతే చెయ్యి చాపాడు.

“ఇలా ఇవ్వండి మేడం. కాగితం చూసి చదవడమే నా బతుకు, మీకెందుకు శ్రమ. ఏ ఫీలింగులో కావాలి?”

“మామూలుగా చదవండి చాలు,” అన్నారు మేడం.

చదివాడు. అలా చదవడం నేను వినలేదు. ప్రతి అక్షరం గుండ్రంగా, ఏదీ ఇంకోదాని మీద పడకుండా. మూడో పేరాలో ఒక వాక్యం ఉంది: “ఈ పరిశోధన వలన నాకు వ్యక్తిగతంగా ఎట్టి ప్రయోజనమూ కలగకపోవచ్చునని నాకు వివరించబడినది.” పక్క మంచం మీది ముసలాయన, నల్లగొండ మనిషి, “వివరించబడినది అంట. గిదేం తెలుగయ్యా, మనుషులు గిట్ల మాట్లాడుతరా?” అన్నాడు. దాంతో భద్రానికి ఊపొచ్చింది. అదే వాక్యాన్ని మీసం దువ్వే జమీందారులా ఒకసారి చదివాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లిలా, “ఎట్టి ప్రయోజనమూ...” అని గొంతు వణికిస్తూ ఇంకోసారి చదివాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆపరేషన్ ముందు రోజు మనుషులు అలా నవ్వడం ఆ వార్డులో ఎప్పుడోగాని జరగదు, అందుకే మేడం కూడా ఆపలేదు. అతను సంతకం పెట్టాడు, కింద సాక్షిగా నేను నా పేరు రాశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. పుండు మానాక చెకప్‌కి వచ్చిన రోజు అడుగుతూ అడుగుతూ సెల్లార్‌లోకి దిగి వచ్చాడు.

“అక్కా, నా ముక్క ఎలా ఉంది? ఏమన్నా మాట్లాడుతోందా?”

రోగులు ల్యాబులోకి రాకూడదు. మేడం అక్కడే ఉన్నారు, కాదనలేక లోపలికి పిలిచి మైక్రోస్కోపులో చూపించారు.

“ఆ గోధుమరంగు చూశారా? మేం వెతికే ప్రొటీన్ ఉన్నచోట ఆ రంగు తేలుతుంది. మీ దాంట్లో చాలా స్ట్రాంగ్‌గా వచ్చింది.”

“స్ట్రాంగ్ అంటే మంచిదేనా?”

“చూసే మాకు మంచిది. మీకు కాదు,” అన్నారు మేడం. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఈ మాట ఇక్కడే రాసిపెడుతున్నాను, తర్వాత జరిగిన దాంట్లో ఆమె తప్పు లేదు.

తర్వాత అతనికి అర్థమయ్యేలా చెప్పారు. నాకు అర్థమైంది కూడా అప్పుడే.

“మీ సినిమాకి పూర్తి స్క్రిప్టు ఒకటే ఉంటుంది కదా, అది సెట్ మీదకు రాదు. కణంలో డీఎన్ఏ అలాంటిది, లోపల గదిలో ఉంటుంది. ఏరోజుకారోజు కావలసిన సీను కాపీ తీసి బయటికి పంపుతారు. ఆ కాపీ ఆర్ఎన్ఏ. దాన్ని చదివి చేసే నటనే ప్రొటీన్.”

“మరి మీరు వెతుకుతున్నది?”

“ఆ కాపీని చేత్తో పట్టుకునేవాళ్ళు. ఏ లైను ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి, ఎప్పుడు చదివించాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, అన్నీ వాళ్ళ చేతుల్లోనే. వాళ్ళూ ప్రొటీన్లే. ఆర్ఎన్ఏని పట్టుకుంటారు కాబట్టి ఆ పేరు.”

“ప్రాంప్టర్లన్న మాట,” అన్నాడు భద్రం.

“అనుకోండి.”

“మా దగ్గర షాటు ఓకే అయ్యాక ఆ డైలాగు షీటు చింపేస్తామండీ. కథ బయటికి పొక్కకుండా. నేను చింపింది నేనే జేబులో వేసుకుని వెళ్ళేవాణ్ణి.”

“కణం కూడా అంతే. పని అయ్యాక ఆ కాపీని ముక్కలు చేసేస్తుంది. మీ గడ్డలో ఈ ప్రొటీన్ చింపనివ్వడం లేదు. ‘పెరుగు, రెండుగా విడిపో’ అన్న లైనున్న కాపీలనే గట్టిగా పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివిస్తోందని మా అనుమానం.”

భద్రం చాలాసేపు మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యలేదు.

“అయితే వాణ్ణి సెట్ నుంచి బయటికి పంపించెయ్యండి మేడం.”

“పంపించే మందు ఇంకా లేదండీ. పైగా అలాంటివి మంచి కణాలక్కూడా కావాలి. అందర్నీ పంపించేస్తే షూటింగే ఆగిపోతుంది.”

అతను అన్నీ విన్నట్టే తలూపాడు. ఏం విన్నాడో నాకు తర్వాత తెలిసింది. ఆ మొత్తం మాటల్లోంచి ‘ఇంకా’ అన్న ఒక్క మాట ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఆ రోజే రెహానా ఇంకో మాట చెప్పింది. రంగు వేసే ప్రతి బ్యాచ్‌లో ఒక కంట్రోల్ స్లైడు పెట్టాలి. అంటే రంగు తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన ముక్క. దాంట్లో రంగు వస్తేనే మిగతావాళ్ళ స్లైడుల్ని నమ్ముతారు, రాకపోతే బ్యాచ్ మొత్తం పారెయ్యాలి. “ఈయన బ్లాక్ పెద్దగుంది, కలర్ మస్తొస్తుంది మేడం. ఇదే కంట్రోల్ పెట్టుకుందాం,” అంది. మేడం సరేనన్నారు.

“అంటే ప్రతి షాట్‌లోనూ నేనుంటానా?” అన్నాడు భద్రం.

“ఉంటవ్. మూలకు ఉంటవ్,” అన్నాను.

“మూల నాకు అలవాటేలే అక్కా.”

అప్పటినుంచి చెకప్‌కి వచ్చినప్పుడల్లా సెల్లార్ కిటికీ దగ్గరికి వచ్చేవాడు. నేను ఫిల్మ్‌నగర్ బస్తీ మనిషిని, అతనిది కృష్ణానగర్, బయట ఎక్కడ కనపడినా అదే ప్రశ్న. “వచ్చిందా అక్కా?” రంగు వచ్చిందా అని అడుగుతున్నాడనుకుని వచ్చింది అనేదాన్ని. అతను సంతోషంగా వెళ్ళిపోయేవాడు.

మరుసటి ఎండాకాలానికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఛాతీ మధ్యలోని గ్రంథులకు పాకి గొంతుకి వెళ్ళే నరాన్ని నొక్కేసింది. గొంతు పోయింది. గాలి తప్ప శబ్దం లేదు. సెట్ మీద అతని స్థానంలోకి వేరే అతను వచ్చాడు. పైన డాక్టర్లు కీమో రాశారు. జబ్బు పోతుందని ఎవరూ అనలేదు, కొన్ని నెలలు ఆగుతుందని, గొంతు కొంచెమైనా తెరుచుకోవచ్చని చెప్పారు.

ఒకసారి ఎక్కించుకున్నాడు. రెండోసారి రావలసిన రోజు రాలేదు. వారం దాటాక కిటికీ దగ్గర కనపడ్డాడు. చొక్కా కొక్కేనికి వేలాడదీసినట్టుంది.

“వచ్చిందా అక్కా?” పెదవులు చూసి అర్థం చేసుకోవాల్సొచ్చింది.

“కీమోకి ఎందుకు రాలే తమ్మీ?”

“ఉన్న కాస్త ఒళ్ళూ దానికి తగలేస్తే, రేపు మన మందు వచ్చినప్పుడు తట్టుకోవద్దూ? దాచుకుంటున్నాను.”

“మన మందేంది?”

“నా ముక్క మీద చేస్తున్నారు కదా. వచ్చిందా అంటే వచ్చిందనే అంటున్నావుగా నువ్వు.”

అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ ఇతను ఏం అడుగుతున్నాడో. మేడం ఊళ్ళో లేరు. ఉంటే మెత్తగా చెప్పేవారేమో. నాకు మెత్తగా చెప్పడం రాదు.

“మందు లేదు భద్రం. గీడ మందు చేస్తలేరు. నీ ముక్కను కోసి రంగేసి చూస్తున్నరు, గంతే. నీకు పనికొచ్చేది గీడ ఏం లేదు.”

“ఇంకా లేదన్నారు మేడం.”

“ఇంకా అంటే నువ్వు బతికుండంగ వస్తదని గాదు. నేను బతికుండంగ గూడ రాదు. పైకి పోయి కీమో ఎక్కించుకో.”

అతను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడితో ఊరుకోలేదు.

“సంతకం పెట్టిన కాగితంలనే ఉన్నది గదా. నువ్వే చదివినవ్. మూడు తీర్ల చదివినవ్. వార్డు వార్డంత ఇన్నది.”

“చదివాను,” అన్నాడు. ఊపిరి తీసుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. “ప్రాంప్టర్ లైను లోపలికి తీసుకోకూడదక్కా. తీసుకుంటే మన ఫీలింగు గొంతులోకొస్తుంది. అది ఆర్టిస్టుకి అంటుకుంటే షాటు పోతుంది. కంటితో తీసుకుని నోటితో వదిలెయ్యాలి. మధ్యలో ఎక్కడా ఆగనివ్వకూడదు. అసలు నన్ను మెచ్చుకున్నదే దానికి.”

“మరి తల్లి లెక్క ఏడ్చుకుంట చదివితివి గదా.”

“అది మిమిక్రీ. అందులో నేను లేను.”

అతను ఊచ మీంచి చెయ్యి తీశాడు. “ఆ లైను ఏంటి? ఒక్కసారి చెప్పు,” అన్నాడు.

లోపలికెళ్ళి ఖాళీ ఫారం ఒకటి తెచ్చాను. నా చదువు అతని చదువులాంటిది కాదు. ఒత్తు దగ్గర ఆగుతాను, పెద్ద మాటైతే వేలు పెట్టి కూడబలుక్కుంటాను. “ఈ పరిశోధన వలన,” అని చదివాను. అతను, ఎందుకో, పెదవులతో అదే అన్నాడు. ఈ పరిశోధన వలన. “నాకు,” అన్నాను. అతను నోరు తెరిచాడు. ‘నాకు’ అనలేకపోయాడు. అక్కడ ఆగిపోయాడు. నేను తర్వాతి మాట కోసం వేలు జరిపి ఎదురుచూశాను, పెదవి కదలలేదు. మిగతా వాక్యం చదవాల్సిన అవసరం పడలేదు.

“సరే అక్కా,” అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

కీమోకి వెళ్ళాడు. ఎక్కించుకున్నాడు, ఆ తర్వాత మరోసారి కూడా ఎక్కించుకున్నాడు. గొంతు తెరుచుకోలేదు. నిజం తెలిశాక జరిగిన మేలేమిటని అడిగితే నేను చూపించలేను. వాంతులయ్యాయి, జుట్టు పోయింది. కిటికీ దగ్గరికి మాత్రం మళ్ళీ రాలేదు. అంతకుముందు వచ్చినప్పుడు ముఖంలో ఒక వెలుగుండేది, దాన్ని ఆర్పింది నేను. ఆర్పకుండా ఉండాల్సిందని మాత్రం ఇప్పటికీ అనను. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ అదే చెప్తాను. కానీ నిజం చెప్తే మనిషి మనసు తేలికవుతుందని ఎవరన్నా అంటే నేను నమ్మను.

వానలు వెళ్ళేలోపు పోయాడు. కృష్ణానగర్ గల్లీలో ఆటోలు ఆపి, ఆ ఇరుకులోనే పాడె కట్టారు. ఊరి నుంచి తమ్ముడొచ్చాడు. అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాళ్ళు కొందరు వచ్చారు. వాళ్ళు కూడా షూటింగుకి టైమైపోతోందని గబగబా మోశారు. మనిషి మొత్తం కాలిపోవట్లేదని, ఒక ముక్క జూబ్లీహిల్స్‌లో మైనంలో ఉందని ఆ తమ్ముడికి చెప్దామనుకున్నాను. చెప్పి ఏం చేస్తాడు పాపం. చెప్పలేదు.

ఆ తర్వాత కూడా ప్రతి బ్యాచ్‌కి రెహానా అడిగేది, “అంజమ్మా, కంట్రోల్ తియ్యి.” అరలోంచి భద్రం బ్లాకు తీసిచ్చేదాన్ని. ఒక పొర కోసేది. ట్రేలో ఎవరెవరివో స్లైడులు, చివరి గడిలో ఇతనిది. ముందు ఇతని రంగు చూస్తారు, ఇతను సరిగా పలికితేనే మిగతావాళ్ళు పలికింది నిజమని రాసుకుంటారు. బతికున్నన్నాళ్ళు చేసిన పనే. బ్లాకు ప్రతిసారీ కొంచెం పలచబడి అరలోకి వెళ్ళేది.

మేడం పేపరు అచ్చయింది. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. రెహానా ఒక పేజీ తీసి బొమ్మ చూపించింది. గోధుమరంగు చుక్కలు, చుక్కలు. “ఇదే మనోడిది,” అంది. కింద పేరుండదు. ఆ ప్రొటీన్ ఎక్కువున్న గడ్డలు తొందరగా పెరుగుతున్నట్టు తేలిందట. దాన్ని ఆపే మందు గురించి ఎక్కడెక్కడో ప్రయత్నాలు జరుగుతున్నాయని కూడా రాశారట. రాసే ఉంటారు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పమంటే రెండు ముక్కలు. రోగి దగ్గర ‘ఇంకా’ అన్న మాట వాడకూడదు, వినేవాడు దాని వెనకున్న ‘లేదు’ని వదిలేస్తాడు. రెండోది, చదవడం వేరు, వినడం వేరు. అక్షరాలు రానన్నాళ్ళు, చదువొచ్చినవాళ్ళకి కాగితం మీదున్నది తెలుస్తుందని అనుకునేదాన్ని. భద్రం కంటే బాగా చదివినవాణ్ణి నేను చూడలేదు.

జరిగింది మేడంకి చెప్పాను. అప్పటినుంచి ఫారం చదివించాక, “ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి,” అని అడుగుతున్నాం. చెప్తారు. “నాకేం లాభం ఉండకపోవచ్చు మేడం, నా తర్వాతవాళ్ళకి,” అని చక్కగా చెప్తారు. సంతకం పెడతారు. మూడోసారి చెకప్‌కి వచ్చినప్పుడు కిటికీ దగ్గరికొస్తారు. “వచ్చిందా అమ్మా?” అంటారు. తన చావు గురించి ఏ భాషలో రాసినా, ఎవరు చదివినా, మనిషికి వినపడదు. దీనికి మందు గూడ లేదు. ‘ఇంకా’ అని కూడా అనను.

మొన్న రెహానా మిషను ఆపి నన్ను పిలిచింది. బ్లేడు మీద తెల్లటి పొర ఉంది. అందులో ముక్క లేదు, మైనమే.

“అయిపోయిండు అంజమ్మా,” అంది.

కంట్రోల్ గడి ఖాళీగా ఉంచితే బ్యాచ్ పనికిరాదు. కొత్తది వెతకమంది, ముందు దానికి రంగేసి చూస్తానంది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పైఅరలో చెయ్యి పెట్టగానే దొరికిన బ్లాకు తీసిచ్చాను. ఎవరిదో, పేరు నాకు తెలియదు. అది కూడా భద్రం దానంత ముదురుగానే రంగు తిరిగింది.